అమెరికా కళాశాల క్రీడాకూటముల పునర్విన్యాసం – ప్రసార హక్కుల ఒప్పందాలు: పసిఫిక్-12 విచ్ఛిన్నం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికాలో విశ్వవిద్యాలయాల క్రీడాజట్లు 'కాన్ఫరెన్స్' అనే కూటములుగా ఏర్పడి పోటీపడతాయి. చాలాకాలం ఈ కూటములకు ఇరుగుపొరుగు ప్రాంతాలే ఆధారం. 2021-2024 మధ్య ఆ ఆధారం దాదాపు చెరిగిపోయింది. పసిఫిక్ తీరపు విశ్వవిద్యాలయాలు అట్లాంటిక్ తీరపు కూటమిలో చేరాయి. శతాబ్దపు చరిత్ర గల పసిఫిక్-12 కూటమిలో పన్నెండు సభ్య సంస్థలకు రెండే మిగిలాయి. ఈ మార్పుకు ధనాశ ఒక్కటే కారణమనడం అసంపూర్ణమైన వివరణ. ప్రసార హక్కు ఎవరి చేతిలో ఉంది, అది ఎంతకాలానికి ఎవరికి బదిలీ అయింది, ఆ గడువు ఎప్పుడు ముగుస్తుంది అన్న మూడు ప్రశ్నలకు లభించే సమాధానాలే కూటముల రూపురేఖలను నిర్ణయిస్తున్నాయని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కళాశాల క్రీడలు, క్రీడాకూటమి, ప్రసార హక్కులు, హక్కుల బదలాయింపు, నిష్క్రమణ రుసుము, పసిఫిక్-12.

1. ఉపోద్ఘాతం

'కాన్ఫరెన్స్' అనగానే తెలుగు పాఠకులకు సదస్సు స్ఫురిస్తుంది. అమెరికా కళాశాల క్రీడల పరిభాషలో దాని అర్థం వేరు. కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి, తమలో తాము క్రమం తప్పకుండా పోటీపడటానికి, ఉమ్మడి నియమాలను పాటించడానికి, ఉమ్మడిగా వచ్చిన ఆదాయాన్ని పంచుకోవడానికి ఏర్పరచుకొన్న కూటమి అది. మన దేశంలో భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం అంతర విశ్వవిద్యాలయ పోటీలను మండలాల వారీగా నిర్వహిస్తుంది. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాలు దక్షిణ మండలంలో ఆడటం వాటి భౌగోళిక స్థితిని బట్టి జరిగేదే. ఏ విశ్వవిద్యాలయమూ తన మండలాన్ని వదిలి మరో మండలానికి వెళ్లాలని కోరుకోదు, ఎందుకంటే వెళ్లినా దానికి ఒనగూడేది ఏమీ లేదు. అమెరికాలో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ కూటమి మారితే విశ్వవిద్యాలయ క్రీడావిభాగానికి ఏటా కోట్ల డాలర్ల తేడా వస్తుంది.

ఈ ఆదాయంలో సింహభాగం ఒకే క్రీడ నుంచి వస్తుంది. అది అమెరికన్ ఫుట్‌బాల్. తరవాతి స్థానం పురుషుల బాస్కెట్‌బాల్‌ది. ఈత, వాలీబాల్, సాఫ్ట్‌బాల్, పరుగుపందేల వంటి ఇతర క్రీడలు అనేక సంస్థలలో ఈ రాబడి మీదనే నడుస్తాయి. కనుక ఒక క్రీడ కోసం కుదిరిన ఒప్పందం మిగిలిన అన్ని క్రీడల క్రీడాకారుల దినచర్యను శాసిస్తుంది. కూటముల పునర్విన్యాసంలోని మౌలిక సమస్య ఇక్కడే ఉంది.

2. 1984 నాటి తీర్పు: హక్కు చేతులు మారిన విధం

కళాశాల క్రీడల జాతీయ నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ. 1950వ దశకం ఆరంభం నుంచి ఫుట్‌బాల్ ప్రసారాలన్నీ ఈ సంస్థ అదుపులోనే ఉండేవి. టెలివిజన్‌లో ఆట చూపిస్తే మైదానానికి వచ్చే ప్రేక్షకులు తగ్గిపోతారన్న భయంతో ఈ నియంత్రణ మొదలైంది. ఏ జట్టు ఎన్నిసార్లు తెరపై కనిపించాలో ఎన్‌సీఏఏ నిర్ణయించేది. 1980వ దశకం తొలినాళ్ల ప్రణాళిక ప్రకారం ఏ జట్టూ రెండేళ్లలో ఆరుసార్లకు మించి ప్రసారంలో కనిపించరాదు.

ఈ పద్ధతిలో ఆదాయ పంపిణీ ఎలా ఉండేదో చెప్పే ఉదాహరణ ఒకటి న్యాయస్థాన పత్రాలలో ఉంది. 1981లో ఒక వారాంతంలో ఓక్లహోమా, సదరన్ కాలిఫోర్నియా జట్ల మధ్య జరిగిన ఆటను 200కు పైగా స్టేషన్లు ప్రసారం చేశాయి. అదే వారాంతంలో సిటడెల్, అపలాచియన్ స్టేట్ జట్ల ఆటను ప్రసారం చేసినవి నాలుగు స్టేషన్లు మాత్రమే. అయినా నాలుగు జట్లకూ సమానమైన సొమ్మే అందింది. చిన్న సంస్థలు దీనిని సమత్వంగా భావించాయి. పెద్ద సంస్థలు అన్యాయంగా భావించాయి.

ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు ఈ విధానాన్ని న్యాయస్థానంలో సవాలు చేశాయి. 1984 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 ఆధిక్యంతో వాటి పక్షాన తీర్పునిచ్చింది. న్యాయమూర్తి జాన్ పాల్ స్టీవెన్స్ రాసిన ప్రధాన తీర్పు ఎన్‌సీఏఏ ప్రసార ప్రణాళిక గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని తేల్చింది. భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి బైరన్ వైట్ యువకుడిగా కొలరాడో విశ్వవిద్యాలయం తరఫున ఫుట్‌బాల్ ఆడి ఖ్యాతి గడించినవాడు. కళాశాల క్రీడలు విద్యలో భాగమని, వాటిని కేవలం వాణిజ్య దృష్టితో తూచరాదని ఆయన వాదన.

తీర్పు ఫలితంగా హక్కు కేంద్ర సంస్థ నుంచి విడివడి ఒక్కొక్క విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. కాని విడివిడిగా అమ్ముకోవడం అందరికీ లాభించలేదు. ప్రసారమయ్యే ఆటల సంఖ్య ఒక్కసారిగా పెరగడంతో ఆట ధర పడిపోయింది. దానితో సంస్థలు మళ్లీ గుంపులుగా చేరి అమ్మడం మొదలుపెట్టాయి. తొలుత కాలేజ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ అనేక కూటముల తరఫున బేరం చేసింది. 1990లో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం ఎన్‌బీసీతో సొంత ఒప్పందం చేసుకొని బయటపడింది. 1994లో సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ సీబీఎస్‌తో ఒప్పందం కుదుర్చుకొంది. అప్పటి నుంచి హక్కులు అమ్మే ప్రధాన సంస్థగా కూటమి స్థిరపడింది.

ఇండియన్ ప్రీమియర్ లీగ్‌తో పోల్చితే ఈ నిర్మాణంలోని విశిష్టత తెలుస్తుంది. 2023-27 సీజన్ల ఐపీఎల్ ప్రసార హక్కులను భారత క్రికెట్ నియంత్రణ మండలి 2022లో 48,390 కోట్ల రూపాయలకు అమ్మింది. అక్కడ అమ్మకందారు ఒక్కరే. హైదరాబాద్ జట్టు ఆ లీగ్‌ను వీడి మరో లీగ్‌కు తన హక్కులతో సహా వెళ్లే వీలు లేదు. అమెరికా కళాశాల క్రీడలలో అమ్మకందారులు అనేకులు. సరుకు అసలు యజమాని ప్రతి విశ్వవిద్యాలయమూ. కూటమి ఆ సరుకును కొంతకాలానికి తీసుకొని అమ్మిపెడుతుంది.

3. కూటమి: కాలపరిమితి గల ఒప్పందాల సముదాయం

సాధారణంగా ఒక ఆట ప్రసార హక్కు ఆ ఆటకు ఆతిథ్యమిచ్చే విశ్వవిద్యాలయానిది. సభ్య సంస్థలు తమ సొంత మైదానపు ఆటల హక్కులను నిర్ణీత కాలానికి కూటమికి అప్పగించే పత్రమే హక్కుల బదలాయింపు ఒప్పందం. గడువు లోపల సంస్థ కూటమిని వీడినా దాని ఆటల ప్రసార హక్కు పాత కూటమి దగ్గరే ఉంటుంది. హక్కులు లేకుండా వచ్చే సభ్యునితో కొత్త కూటమికి ప్రయోజనం స్వల్పం. అందువల్ల ఈ పత్రం నిష్క్రమణ రుసుము కన్న బలమైన కట్టడి.

ఈ తేడాను రెండు సంఘటనలు స్పష్టం చేస్తాయి. మేరీలాండ్ విశ్వవిద్యాలయం అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌ను వీడినప్పుడు ఆ కూటమి కోరిన రుసుము 5.2 కోట్ల డాలర్లకు పైబడింది. 2014లో 3.14 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. రుసుమును బేరమాడి తగ్గించుకోవచ్చునని దీనితో రుజువైంది. మేరీలాండ్ నిష్క్రమణ ప్రకటన తరవాత, 2013లో, ఆ కూటమిలోని సంస్థలు హక్కుల బదలాయింపు ఒప్పందంపై సంతకాలు చేశాయి. రెండవది టెక్సస్, ఓక్లహోమా విశ్వవిద్యాలయాల ఉదంతం. ఇవి బిగ్-12 కూటమిని వీడుతున్నట్లు 2021 జులైలో ప్రకటించాయి. కాని ఆ కూటమి హక్కుల గడువు 2025 వరకు ఉంది. ఒక్క ఏడాది ముందుగా బయటపడటానికే రెండూ కలిసి 10 కోట్ల డాలర్ల రాబడిని వదులుకోవలసి వచ్చింది.

కూటమి ఎవరిని ఆహ్వానిస్తుందన్నది మరో ప్రశ్న. ఇందుకు సరాసరి లెక్కే ప్రమాణం. ఊహాత్మకంగా, పది సంస్థల కూటమికి ఏటా 40 కోట్ల డాలర్లు వస్తాయనుకొందాం. ఒక్కొక్కరి వాటా 4 కోట్లు. పదకొండవ సంస్థ చేరికతో మొత్తం 43 కోట్లకు పెరిగితే వాటా 3.91 కోట్లకు తగ్గుతుంది. మొత్తం ఆదాయం పెరిగినా పాత సభ్యులందరూ నష్టపోతారు. కనుక కొత్త సంస్థ మంచిదా కాదా అన్నది ప్రశ్న కాదు. ప్రస్తుత తలసరి వాటా కన్న ఎక్కువ రాబడి తేగలదా అన్నదే ప్రశ్న. అలా తేలేని సంస్థలకు తక్కువ వాటాతో ప్రవేశం ఇవ్వడం ఒక మధ్యేమార్గం.

4. కేబుల్ చందాల కాలం, ఆ తరవాత

2007లో బిగ్ టెన్ కూటమి ఫాక్స్ భాగస్వామ్యంతో సొంత ఛానల్ ప్రారంభించింది. కేబుల్ వ్యవస్థలో ఛానల్‌కు నెలవారీ చందాలో కొంత సొమ్ము ప్రతి ఇంటి నుంచి వస్తుంది, ఆ ఇంట్లో ఆట చూసినా చూడకపోయినా. కూటమికి సభ్య సంస్థ ఉన్న ప్రాంతంలో ఈ మొత్తం మరింత ఎక్కువ. బిగ్ టెన్ 2014లో న్యూజెర్సీకి చెందిన రట్గర్స్‌ను, వాషింగ్టన్ నగరానికి చేరువలోని మేరీలాండ్‌ను చేర్చుకోవడంలోని ఆంతర్యం ఇదే. ఆ జట్ల ఆటతీరు కన్న వాటి పరిసరాలలోని ఇళ్ల సంఖ్యకే విలువ కట్టారు.

పసిఫిక్-12 కూటమి 2011లో ఈఎస్‌పీఎన్, ఫాక్స్ సంస్థలతో పన్నెండేళ్లకు సుమారు 300 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకొంది. అప్పటికి అది ఘనమైన ఒప్పందం. 2012లో సొంత ఛానల్‌నూ ఆరంభించింది. అయితే ఇతర కూటముల వలె ప్రసార సంస్థను భాగస్వామిగా చేర్చుకోక పూర్తి యాజమాన్యాన్ని తన దగ్గరే ఉంచుకొంది. ఛానల్‌ను ఇంటింటికీ చేర్చే బేరసారాలలో అండగా నిలిచే పెద్ద సంస్థ లేకపోయింది. ఉపగ్రహ ప్రసార సంస్థ డైరెక్‌టీవీతో చివరి వరకు ఒప్పందం కుదరనే లేదు. స్వతంత్రత కోసం ఎంచుకొన్న మార్గం రాబడిని కుంగదీసింది.

ఈలోగా కేబుల్ వదిలి ఇంటర్నెట్ ప్రసారాలకు మళ్లే ఇళ్లు పెరిగాయి. చూడని ఇంటి నుంచి చందా వచ్చే వ్యవస్థ బలహీనపడింది. దేశమంతటా లక్షలాది మంది చూసే ఆటలకే గిరాకీ మిగిలింది. దీనితో ఇరుగుపొరుగు రాష్ట్రమా కాదా అన్న విచారణ వెనుకబడింది. జాతీయ స్థాయిలో పేరున్న జట్టు ఎంత దూరంలో ఉన్నా ఆకర్షణీయమైంది. భౌగోళికతను కూటముల నుంచి వేరు చేసిన సాంకేతిక కారణం ఇది.

5. పసిఫిక్-12 విచ్ఛిన్నం

పసిఫిక్-12 ఒప్పందాల గడువు 2024 వేసవిలో ముగియనుంది. గడువుకు రెండేళ్ల ముందు, 2022 జూన్ 30న, లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, యూసీఎల్ఏ రెండూ బిగ్ టెన్‌లో చేరుతున్నట్లు ప్రకటించాయి. గడువు తీరాక వెళ్తున్నందున హక్కుల బదలాయింపు వాటికి అడ్డు రాలేదు. ఆ ఆగస్టులోనే బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు మించిన ఒప్పందాన్ని ప్రకటించింది.

మిగిలిన పది సంస్థల తరఫున పసిఫిక్-12 బేరానికి దిగింది. అదే సమయంలో బిగ్-12 కూటమి తన ఒప్పందానికి ఇంకా గడువు ఉన్నా ముందుగానే చర్చలు జరిపి, 2022 అక్టోబరులో ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో 2030-31 వరకు పొడిగింపు సాధించింది. కొనుగోలుదారుల వద్ద ఉన్న సొమ్ములో, ప్రసార సమయంలో ఆ మేరకు తరుగు పడింది. పసిఫిక్-12కు చివరకు మిగిలిన ప్రధాన ప్రతిపాదన ఆపిల్ సంస్థది. అందులో రాబడి చాలావరకు ఇంటర్నెట్ చందాదారుల సంఖ్య మీద ఆధారపడుతుంది. స్థిరమైన హామీ కోరిన సంస్థలకు ఇది రుచించలేదు.

2023 జులై చివరలో కొలరాడో బిగ్-12కు వెళ్లింది. ఆగస్టు 4న ఒక్కరోజులో ఐదు సంస్థలు నిష్క్రమణ మార్గం పట్టాయి. ఆరెగాన్, వాషింగ్టన్ తగ్గించిన వాటాకు అంగీకరించి బిగ్ టెన్‌లో చేరాయి. అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్-12లో చేరాయి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలకు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ ఆహ్వానం పలికింది. అవి కూడా కొన్నేళ్లపాటు పాక్షిక వాటాకే ఒప్పుకొన్నాయి. వాటితో పాటు చేరిన టెక్సస్‌లోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం తొమ్మిదేళ్లపాటు ప్రసార ఆదాయాన్నే వదులుకొంది. పెద్ద కూటమిలో చోటు దక్కకపోతే కలిగే నష్టం అంతకన్న ఎక్కువని అవి అంచనా వేశాయి.

6. మిగిలిన రెండు సంస్థలు

ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయాలకు ఎక్కడి నుంచీ తగిన ఆహ్వానం రాలేదు. రెండూ ప్రభుత్వ సంస్థలు. రెండూ కోర్వాలిస్, పుల్‌మన్ అనే చిన్న పట్టణాలలో ఉన్నాయి. 1915లో పోర్ట్‌లాండ్‌లో ఏర్పడిన పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌ను పసిఫిక్-12 తన మూలంగా చెప్పుకొంటుంది. దాని నలుగురు వ్యవస్థాపక సభ్యులలో నాటి ఆరెగాన్ వ్యవసాయ కళాశాల, అంటే నేటి ఆరెగాన్ స్టేట్, ఒకటి. శతాబ్దం తరవాత వ్యవస్థాపకులలో మిగిలింది ఆ ఒక్కటే. ఆటలో ఓడినందువల్లనో నియమాలు ఉల్లంఘించినందువల్లనో దానికి ఈ స్థితి రాలేదు. పైన చెప్పిన సరాసరి లెక్కలో దాని చుట్టుపక్కల జనసంఖ్య సరిపోలేదు.

కూటమి ఆస్తులు, నిర్వహణ మండలి ఎవరికి చెందుతాయన్న వివాదాన్ని ఈ రెండు సంస్థలు వాషింగ్టన్ రాష్ట్రంలోని విట్‌మన్ కౌంటీ న్యాయస్థానం ముందు ఉంచాయి. వీడిపోతున్నట్లు ప్రకటించిన సంస్థలకు మండలిలో ఓటు ఉండదని వాటి వాదన. 2023 నవంబరులో న్యాయస్థానం వారి పక్షాన మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. అనంతరం వెళ్లిపోయే పది సంస్థలతో రాజీ కుదిరింది.

2024 ఫుట్‌బాల్ సీజన్‌కు ఈ రెండూ మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్‌తో ఆటల ఒప్పందం చేసుకొన్నాయి. అదే ఏడాది శరత్కాలంలో పసిఫిక్-12 ఆ మౌంటెన్ వెస్ట్ నుంచే బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియాగో స్టేట్, యూటా స్టేట్ సంస్థలను 2026 నుంచి చేరేలా ఆకర్షించింది. సభ్యులను లాక్కొంటే చెల్లించాలన్న పరిహారపు షరతుపై రెండు కూటముల మధ్య వ్యాజ్యం నడిచింది. నిన్నటి బాధితులు నేడు అదే పద్ధతిని అనుసరించడంలో వ్యక్తుల నైతికత కన్న వ్యవస్థ ఒత్తిడే ఎక్కువగా కనిపిస్తుంది. కూటమిగా గుర్తింపు నిలవాలంటే కనీస సభ్యసంఖ్య ఉండాలి. ఆ సభ్యులు మరొక కూటమి నుంచే రావాలి.

7. హక్కుల బదలాయింపుపై న్యాయపోరాటం

అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ 2016లో ఈఎస్‌పీఎన్‌తో సొంత ఛానల్ కోసం హక్కుల బదలాయింపును 2036 వరకు పొడిగించింది. దీర్ఘకాలపు ఒప్పందం స్థిరత్వాన్నిచ్చింది. అదే సమయంలో ఇతర కూటముల రాబడి పెరిగినా దీని ధర పాత స్థాయిలోనే ఉండిపోయింది. ఫ్లోరిడా స్టేట్ 2023 డిసెంబరులో, క్లెమ్సన్ 2024 మార్చిలో ఈ కట్టడిని సవాలు చేశాయి. కూటమి కూడా నార్త్ కరోలినాలో ప్రతివ్యాజ్యాలు వేసింది. 2025 మార్చిలో రాజీ కుదిరింది. ప్రసార ఆదాయంలో ఒక భాగాన్ని ఇకపై వీక్షకుల సంఖ్యను బట్టి పంచుతారు. నిష్క్రమణ వ్యయం ఏటా తగ్గుతూ 2030-31 నాటికి 7.5 కోట్ల డాలర్లకు చేరుతుంది.

ఈ రాజీ ఒక విధంగా 1981 నాటి ప్రశ్నను తిరగదోడింది. 200 స్టేషన్లలో కనిపించిన జట్టుకు, నాలుగు స్టేషన్లలో కనిపించిన జట్టుకు సమాన వాటా ఉండాలా అన్న వివాదం నాడు ఎన్‌సీఏఏ స్థాయిలో సాగింది. నేడు అది కూటమి లోపలికి ప్రవేశించింది.

8. భారం మోసేవారు

ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒక ఆట ఆడుతుంది. సీజన్‌లో దూరప్రయాణాలు కొన్నే. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ వంటి క్రీడలలో ఆటల సంఖ్య ఎక్కువ, పనిదినాలలోనూ ఆడాలి. రట్గర్స్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు దూరం దాదాపు 4,000 కిలోమీటర్లు, మూడు గంటల కాలభేదం. ఈ క్రీడాకారులు తరగతులకు, ప్రయోగశాలలకు, పరీక్షలకు దూరమయ్యే కాలం పెరుగుతుంది. వారి క్రీడలకు ఈ కొత్త కూటమి అవసరం లేదు. ఫుట్‌బాల్ వెంట వారు తరలిపోయారు.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల బాధ్యత మరొకటి. యూసీఎల్ఏ, బర్కిలీ రెండూ ఒకే పాలకమండలి కింద ఉన్నాయి. ఒకటి వెళ్లిపోవడం వల్ల మరొకటి నష్టపోయిందని గుర్తించిన మండలి, యూసీఎల్ఏ ఏటా కోటి డాలర్లు బర్కిలీకి చెల్లించాలని 2024లో నిర్ణయించింది. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ జట్ల మధ్య శతాబ్దానికి పైగా ఏటా జరిగిన ఫుట్‌బాల్ పోటీ 2023తో నిలిచిపోయింది. అటువంటి నష్టానికి పరిహారం నిర్ణయించే మండలి లేదు.

క్రీడాకారులకు వేతనం లేదన్న పాత విమర్శకు 2025లో కొంత సమాధానం దొరికింది. న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆ ఏడాది జూన్‌లో ఆమోదించిన రాజీ ప్రకారం ఒక్కొక్క సంస్థ తొలి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు క్రీడాకారులకు నేరుగా పంచవచ్చు. ఇది న్యాయమైన మార్పు. అయితే ఆ మొత్తాన్ని సమకూర్చుకోవలసిన అవసరం ప్రసార ఆదాయంపై ఒత్తిడిని మరింత పెంచుతుంది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

1. 1984 తీర్పు ప్రసార హక్కును విశ్వవిద్యాలయాలకు అప్పగించింది. కూటములు ఆ హక్కును కాలపరిమితితో పొందిన సంస్థలు మాత్రమే. కనుక వాటి ఉనికి ఒప్పందాల గడువుతో ముడిపడి ఉంది.

2. సభ్యత్వానికి ప్రమాణంగా పొరుగుతనం పోయి తలసరి రాబడి వచ్చింది. కేబుల్ చందాల పతనం ఈ మార్పును వేగవంతం చేసింది.

3. పసిఫిక్-12 విచ్ఛిన్నానికి గడువు ముగింపు, సొంత ఛానల్ వైఫల్యం, పోటీ కూటమి ముందుగా బేరం ముగించడం కలిసి కారణమయ్యాయి.

4. లాభం ఫుట్‌బాల్‌ది, ప్రయాణభారం ఇతర క్రీడలది. నోటర్‌డామ్ ఫుట్‌బాల్‌లో స్వతంత్రంగా ఉంటూ చాలా ఇతర క్రీడలలో కూటమి సభ్యత్వం కొనసాగిస్తున్నది. ఫుట్‌బాల్‌ను వేరుచేసి మిగిలిన క్రీడలను ప్రాంతీయ కూటములలో ఉంచడం అసాధ్యం కాదని ఈ ఉదాహరణ చెబుతుంది.

బిగ్ టెన్ ఒప్పందం 2029-30తో, బిగ్-12 ఒప్పందం 2030-31తో ముగుస్తాయి. అట్లాంటిక్ కోస్ట్ నిష్క్రమణ వ్యయం కనిష్ఠానికి చేరేదీ 2030-31లోనే. తరవాతి పునర్విన్యాసం ఎప్పుడన్నది ఈ తేదీలే సూచిస్తున్నాయి. ఇతర క్రీడల విద్యార్థులను ఫుట్‌బాల్ ఒప్పందాల నుంచి విడదీసే ఏర్పాటు చేసుకోవడానికి విశ్వవిద్యాలయాలకు ఆలోగా ఉన్న వ్యవధి కొద్ది సంవత్సరాలే.